మంచును తోయాలా, మంచు మీద తేలాలా?

మన భాషలో మంచుకి ఒకటే మాట. లంబసింగిలో తెల్లారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద బొట్లు బొట్లుగా నిలిచేదీ మంచే, ఫ్రిజ్‌లో పై అరలో పేరుకునేదీ మంచే. నడుం లోతు పడి, ఇంటి తలుపు కూడా తెరుచుకోనివ్వని మంచు మాత్రం మనం సినిమా పాటల్లో చూడాల్సిందే. అందుకే ఈ సంచికలో నేను రాస్తున్న మనిషి ఊరిని ఊహించుకోవాలంటే మనం కొంచెం కష్టపడాలి.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రం. మాంట్రియల్‌కి తూర్పున వాల్‌కూర్ అనే పల్లె. ఫ్రెంచి మాట్లాడే రైతు కుటుంబాలు. చలికాలం అక్కడ దాదాపు ఐదు నెలలు. 1920ల్లో ఆ పల్లె రోడ్ల మీద మంచు తీసే నాథుడు లేడు. కారున్నవాళ్ళు చలి మొదలవగానే దాన్ని షెడ్డులో దిమ్మల మీదకెక్కించి, వసంతం దాకా మర్చిపోయేవాళ్ళు. గుర్రం, చక్రాల్లేని జారుడు బండి, అంతే. అదీ మామూలు రోజుల్లో. తుఫాను వచ్చిందంటే గుర్రం కూడా కదలదు. అప్పుడు ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే?

ఆ ఊళ్ళో 1907 ఏప్రిల్ 16న జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్ పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ మొదట వ్యవసాయం చేశాడు, తర్వాత ఊళ్ళో కిరాణా దుకాణం పెట్టాడు. విమానాల మీద, రైళ్ళ మీద మీరు చూసిన బొంబార్డియర్ పేరు ఈయనదే. కానీ ఈయన జీవితంలో విమానం లేదు, రైలు లేదు. ఉన్నది మంచు ఒక్కటే.

కథలోకి వెళ్ళేముందు చిన్న లెక్క. ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి 100 మీటర్ల సొంత దారి ఉందనుకోండి, వెడల్పు 3 మీటర్లు. రాత్రికి రాత్రి అర మీటరు మంచు పడింది. మొత్తం 150 ఘనపు మీటర్లు. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకి సుమారు 100 కిలోలు ఉంటుంది. అంటే ఒక్క ఇంటి ముందు 15 టన్నులు! గాలికి గట్టిపడితే ఘనపు మీటరు బరువు మూడు రెట్లు కూడా కావచ్చు. పారతో ఎంతసేపు ఎత్తుతాం?

ఈ మంచుతో రెండే పనులు చేయగలం. ఒకటి, బ్లేడు కట్టి పక్కకి తోసేయడం. రెండు, దాన్ని అలాగే వదిలేసి దాని మీద తేలుతూ పోవడం. తోయాలంటే టన్నులు కదపాలి, మళ్ళీ పడితే మళ్ళీ కదపాలి. తేలాలంటే ఒక్క బండి మారితే చాలు. కోనసీమలో కోతల టైంలో వానపడితే ఏం జరుగుతుందో చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. టైర్ల కోత మిషన్ చేలో దిగబడిపోతుంది, చైన్ మిషన్ హాయిగా తిరుగుతుంది. బరువు తక్కువని కాదు, ఆ బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుందని. 1,500 కిలోల కారు నాలుగు టైర్లు కలిపి నేలని తాకేది మహా అయితే 600 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. చదరపు సెంటీమీటరుకి రెండున్నర కిలోలు పడింది. అదే బరువుని 40 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవు ఉన్న రెండు పట్టాల మీద పెడితే 100 గ్రాములు కూడా రాదు. బూట్లేసుకుని నడిచే మనిషి కన్నా తేలిక.

అర్మాండ్‌కి ఈ లెక్క ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ చేతికి దొరికిందల్లా విప్పడం, మళ్ళీ బిగించడం. పాత అలారం గడియారాల పళ్ళచక్రాలతో బొమ్మ బండ్లు చేసేవాడు. ఇంట్లోవాళ్ళు అతన్ని చర్చి ఫాదర్‌ని చేద్దామని 14 ఏళ్ళకి షెర్‌బ్రూక్ సెమినరీలో వేశారు. సెలవలకి ఇంటికొస్తే తండ్రి కారు మీద చేతులు పడేవి. కారు దక్కించుకోడానికి తండ్రి ఒక పాడైపోయిన ఫోర్డ్ మోడల్ టీ కొనిచ్చేశాడు, దీంతో ఏమైనా చేసుకోరా అని.

1922 డిసెంబరు 31. పదిహేనేళ్ళ అర్మాండ్, తమ్ముడు లియోపోల్డ్ కలిసి ఒక వింత బండిని ఊరి వీధుల్లోకి తెచ్చారు. కింద జారుడు కర్రలు, వెనక ఆ ఫోర్డు ఇంజను, ఇంజనుకి విమానానికున్నట్టు పెద్ద చెక్క పంకా. కవచం లేదు, జాలీ లేదు. ఒకడు ఇంజను చూసుకుంటుంటే ఇంకొకడు ముందు కూర్చుని తాళ్ళతో తిప్పుతున్నాడు. బండి నిజంగానే మంచు మీద పరుగెత్తింది. వెనకున్న వాళ్ళ చేతులు, తలలు ఏమవుతాయోనని తండ్రి గుండె జారిపోయి, వెంటనే విప్పెయ్యమన్నాడు. విప్పేశారు.

కానీ ఆ రోజుతో కుర్రాడి దారి తేలిపోయింది. 17 ఏళ్ళకి తండ్రిని ఒప్పించి సెమినరీ మానేశాడు. ఒక గ్యారేజీలో పనికి కుదిరాడు, తర్వాత మాంట్రియల్ వెళ్ళి పగలు మెకానిక్ పని, రాత్రి మెకానికల్, ఎలక్ట్రికల్ క్లాసులు. టెక్నికల్ పత్రికలన్నీ ఇంగ్లీషులో ఉంటే, వాటిని చదవడం కోసమే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టరులో డిక్షనరీ పక్కన పెట్టుకున్న మనవాళ్ళకి ఈ ఒక్క సంగతి చాలు, ఆయన దగ్గరివాడైపోతాడు.

1926లో, 19 ఏళ్ళకి, తిరిగి సొంత ఊరు. తండ్రి ఇచ్చిన అప్పుతో గ్యారేజీ. మూడేళ్ళలో ఆ అప్పు తీర్చేశాడు. కొనలేని పనిముట్లు తనే చేసుకునేవాడు. పక్కనున్న వాగుకి చిన్న ఆనకట్ట కట్టి, ఆ నీళ్ళతో టర్బైన్ తిప్పి మిషన్లు నడిపేవాడు. 1929లో ఇవోన్ లాబ్రెక్‌తో పెళ్ళయింది.

చలికాలంలో కార్లు తిరగవు కాబట్టి గ్యారేజీకి పని ఉండదు. ఆ ఖాళీ నెలలే ఆయన ప్రయోగశాల. 1926 నుంచి ప్రతి చలికాలం ఒక కొత్త బండి. పాత కార్ల భాగాలు, ముందు స్కీలు, వెనక రకరకాల చక్రాలు, పట్టాలు. ఇలాంటి ప్రయత్నం చేసిన మొదటివాడేమీ కాదు ఆయన. రష్యాలో కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు అప్పటికే జారు చక్రవర్తి కార్లకి రబ్బరు పట్టాలు తొడిగాడు. అమెరికాలో ఫోర్డు కారుకి ముందు స్కీలు, వెనక పట్టాలు తగిలించుకునే కిట్లు కూడా దొరికేవి. అవి గుర్రాలు తొక్కి గట్టిపరిచిన దారుల మీద బాగానే నడిచేవి. ఎవరూ తొక్కని లోతు మంచులోకి దిగితేనే కష్టం. మంచు పళ్ళచక్రంలో ఇరుక్కుని, నొక్కుకుని, గడ్డకట్టి ఐసు అయ్యేది. పట్టా పళ్ళ మీద నుంచి జారిపోయేది, లేకపోతే తెగేది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మోటివేషనల్ వీడియోల్లో ఈయన కథ రెండు ముక్కల్లో వస్తుంది: కొడుకు చనిపోయాడు, ఆ బాధతో బండి కనిపెట్టాడు. వినడానికి బాగానే ఉంటుంది. జరిగింది మాత్రం అంతకన్నా కఠినం.

1934 చలికాలం. ఆయన రెండేళ్ళ కొడుకు ఇవాన్‌కి అపెండిక్స్ వాచి, లోపల పగిలి, పొట్టంతా విషం పాకింది. ఆపరేషన్ చేసే ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో, సుమారు 50 కిలోమీటర్లు. వేసవిలో అయితే అదొక దూరమే కాదు. రోడ్ల నిండా మంచు. గ్యారేజీలో మంచు బండి ఉంది, కానీ పనికొచ్చే స్థితిలో లేదు. పిల్లవాడు చనిపోయాడు.

అంటే ఆయనకి ఆ ఆలోచన కొడుకు పోయాక రాలేదు. అప్పటికే ఎనిమిది చలికాలాలుగా సరిగ్గా ఆ బండి మీదే పనిచేస్తున్నాడు. ఊళ్ళో ఆ సమస్య ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆ రాత్రికి అందలేదు, అంతే. ప్రాజెక్టు లేటయితే మనకి మార్కులు పోతాయి. ఆయనకి పోయింది ఏమిటో చూడండి. ఆ తండ్రి మనసులో ఏం జరిగిందో నేను ఊహించి రాయను. తర్వాతి చలికాలానికి ఆయన మళ్ళీ గ్యారేజీలోనే ఉన్నాడన్నది మాత్రం నిజం.

1935లో పరిష్కారం దొరికింది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఇనప పళ్ళచక్రానికి రబ్బరు తొడిగాడు. పట్టాని కూడా గొలుసులా కాకుండా, రెండు రబ్బరు బెల్టుల మధ్య అడ్డంగా ఉక్కు కడ్డీలు బిగించి తయారుచేశాడు. రబ్బరు వంగుతుంది, కదిలినప్పుడల్లా అంటుకున్న మంచు రాలిపోతుంది, ఐసు కట్టడానికి గట్టి చోటు దొరకదు. పైగా చప్పుడు తక్కువ, బరువు తక్కువ. 1937 జూన్‌లో దానికి పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు బండి మొత్తానికి కాదు, ఆ చక్రానికీ పట్టాకీ. ఆయన అసలు ఆస్తి అదే. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఆ పట్టాల మీద ప్లైవుడ్ బాడీ పెట్టి, ముందు స్కీలు పెట్టి, ఏడుగురు కూర్చునే బండి చేశాడు. పేరు బి-7. బొంబార్డియర్‌లో బి, ఏడుగురికి ఏడు. చూడ్డానికి పెద్ద పురుగులా ఉంటుంది. ముందుగా కొన్నది ఎవరనుకుంటున్నారు? డాక్టర్లు, హోటళ్ళవాళ్ళు, టాక్సీ నడిపేవాళ్ళు, చర్చి ఫాదర్లు. 1941లో కొత్త ఫ్యాక్టరీ, ఏడాదికి 200 బండ్లు చేయగల సామర్థ్యం. తర్వాత పన్నెండు మందికి బి-12. 1942లో కంపెనీగా నమోదు. యుద్ధకాలంలో సైన్యం కోసం పట్టాల బండ్లు. యుద్ధం అయ్యాక పిల్లల్ని బడికి తీసుకెళ్ళే బస్సు. ఉత్తరాలు, రోగులు, శవపేటికలు, పెళ్ళివాళ్ళు, అన్నీ ఆ బండ్లలోనే మంచు మీద తేలుతూ పోయేవి.

ఇంకేం, కథ సుఖాంతం అనుకుంటాం. కాదు.

1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా చలికాలమంతా మంచు తీయించాలని నిర్ణయించింది. బ్లేడు కట్టిన లారీలు పల్లెలకి వచ్చేశాయి. మంచు తోసేస్తే మామూలు కారే తిరుగుతుంది కదా, మరి మంచు బండి ఎందుకు? ఒక్క ఏడాదిలో కంపెనీ అమ్మకాలు సుమారు 40 శాతం పడిపోయాయి.

ఒక్కసారి ఆయన స్థానంలో నిలబడి చూడండి. ఏ ఇల్లూ ఆసుపత్రికి దూరం కాకూడదన్నదే అసలు అవసరం. ఇరవై ఏళ్ళు దాని కోసమే కష్టపడ్డాడు. ఇప్పుడు ఆ అవసరం తీరిపోతోంది, ఇంకెవరో ఇంకో రకంగా తీరుస్తున్నారు. ఊరికి మంచి జరుగుతోంది, ఆయన ఫ్యాక్టరీకి గండి పడుతోంది. తేలేవాడి మీద తోసేవాడు గెలిచాడు.

ఇలాంటప్పుడు బండిని పట్టుకుని వేలాడేవాళ్ళు ఉంటారు, రంగు మార్చి, సీట్లు మార్చి, ధర తగ్గించి. ఆయన బండిని వదిలేసి పట్టాని పట్టుకున్నాడు. మంచు మీద తేలే పట్టా ఇంకెక్కడ తేలుతుంది? ఎక్కడ చక్రం దిగబడితే అక్కడ. మామూలు వ్యవసాయ ట్రాక్టరుకి తగిలించుకునే పట్టా సెట్టు చేశాడు. అడవిలో దుంగలు లాగే చిన్న ట్రాక్టరు చేశాడు. 1953లో మస్కెగ్ అనే బండి. ఆ మాటకి అక్కడ బురద నేల అని అర్థం. చమురు వెతికేవాళ్ళు, కరెంటు స్తంభాలు పాతేవాళ్ళు ఊబి నేలల మీద దాన్నే వాడారు. 1957లో ఫుక్స్ బృందం నేల మీదుగా అంటార్కిటికాను దాటడానికి బయల్దేరినప్పుడు వాళ్ళ బండ్లలో ఒక మస్కెగ్ కూడా ఉంది.

ఇంకో తమాషా. ఆ పట్టాల ట్రాక్టర్లకి ముందు బ్లేడు కట్టి మంచు తోయడం కూడా మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో మాంట్రియల్ ఫుట్‌పాత్‌ల మీద మంచు తోసినవి ఆ కంపెనీ చిన్న పట్టాల బండ్లే. తేలేవాడు తోసేవాడితో చేతులు కలిపాడన్నమాట.

సివిల్ వాళ్ళకి ఇందులో సాయిల్ మెకానిక్స్ కనిపించాలి. చక్రానికి దొరికే పట్టులో రెండు భాగాలుంటాయి. బరువు వల్ల వచ్చే ఘర్షణ ఒకటి, నేలని తాకే జాగాని కొహీజన్‌తో గుణిస్తే వచ్చేది రెండోది. చిన్న బండికి బరువు తక్కువ, మొదటి భాగం దొరకదు. కానీ నొక్కుకున్న మంచుకి కొంత కొహీజన్ ఉంది, పట్టాకి బోలెడు జాగా ఉంది. అందుకే బరువైన లారీ చక్రాలు ఊరికే తిరుగుతున్న చోట కూడా చిన్న పట్టాల బండి బ్లేడుతో తోసుకుంటూ పోగలదు. అయినా దానికీ హద్దుంది. పల్లెల్లో సొంత దారి తోసుకునేవాళ్ళు మంచు మొత్తం పడేదాకా ఆగరు, పడుతుండగానే ఒకసారి తోసేస్తారు. మొదటి మంచుని దారి అంచు దాటించి వీలైనంత దూరం నెడతారు. ఎందుకంటే ఈ రోజు గట్టు రేపటికి రాయి అవుతుంది. చలికాలం చివరికి రెండు పక్కలా గోడలు లేచి దారి సన్నబడిపోతుంది, ఇక తోయడానికి చోటే ఉండదు.

చివరిది అందరికీ తెలిసినది. పదిహేనేళ్ళ వయసులో విప్పేసిన ఆ చిన్న బండి ఆయన మనసులోంచి పోలేదు. ఒకరిద్దరు ఎక్కే తేలికపాటి బండి. ఇన్నాళ్ళూ దానికి సరిపోయే చిన్న ఇంజను దొరకలేదు, దొరికినవన్నీ బరువు. 1950ల చివరికి తేలికైన ఇంజన్లు వచ్చాయి. ఈలోగా పెద్ద కొడుకు జెర్మేన్ అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉండే రబ్బరు పట్టా తయారుచేశాడు. ఆ రెండూ కలిసి 1959లో స్కీ-డూ అయ్యాయి. మొదట అనుకున్న పేరు స్కీ-డాగ్ అట. కుక్కలు లాగే బండికి బదులు కదా మరి. అచ్చు తప్పు పడి డూ అయ్యిందని చెప్పుకుంటారు. తొలి బండ్లలో ఒకటి ఉత్తర ఒంటారియోలో ఆదివాసుల మధ్య పనిచేసే ఫాదర్ మోరిస్ విమే అనే స్నేహితుడికి వెళ్ళింది.

మొదటి ఏడాది 225 అమ్ముడయ్యాయి. నాలుగేళ్ళకి ఏడాదికి 8 వేలు దాటాయి. కొన్నవాళ్ళలో వేటగాళ్ళు, సర్వేయర్లతో పాటు సరదాకి తిరిగేవాళ్ళు ఎక్కువైపోయారు. దానికి ఆయన సంతోషించినా తొందరపడలేదు. ఒక్క వస్తువుని నమ్ముకుంటే ఏమవుతుందో 1948 ఒకసారి చూపించింది కాబట్టి పని బండ్ల మీదే ఎక్కువ దృష్టి పెట్టాడు.

1964 ఫిబ్రవరి 18న క్యాన్సర్‌తో చనిపోయారు. 56 ఏళ్ళు. పేరు మీద 40కి పైగా పేటెంట్లు. రైళ్ళు, విమానాలు అన్నీ తర్వాతి తరం సంగతి. కొన్నేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి రాజమండ్రికో తిరుపతికో రెండు పంకాల క్యూ-400 విమానం ఎక్కినవాళ్ళు మనలో కొందరుంటారు. అది ఆ కంపెనీదే. 1922లో తండ్రి విప్పించేసిన పంకా ఎక్కడిదాకా వచ్చిందో!

ఆయన మొదటి గ్యారేజీని వాల్‌కూర్ మ్యూజియంలో అలాగే దాచారు. అంత దూరం మనం ఎప్పుడు వెళ్తామో తెలీదు. కానీ ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చేలో చైన్ మిషన్ కనపడితే ఫోను జేబులో పెట్టి ఒక్క ఐదు నిమిషాలు గట్టు మీద ఆగండి. పళ్ళచక్రం పట్టాని ఎక్కడ పట్టుకుంటోంది, మధ్యలో ఇరుక్కున్న బురద ఎటు పోతోంది, చూడండి. ఆ ఒక్క ప్రశ్న మీద ఒక మనిషి తొమ్మిది చలికాలాలు కూర్చున్నాడు.